7,000 కిలోమీటర్లకే పగిలిన బ్రేక్ డిస్క్: వారంటీ ఇవ్వబోమంటే ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది రాయచోటి, ఉద్యోగం కడపలో. టీచర్‌ని. ప్రతి శనివారం ఊరికి పోయి సోమవారం పొద్దున్నే గువ్వలచెరువు ఘాట్ దిగి కడపకు వస్తాను. ఐదేళ్ల నాటి డీజిల్ ఎస్‌యూవీ. ఘాట్‌లో బ్రేకులు బాగా పట్టాలని ఎనిమిది నెలల కింద ముందు చక్రాలకు రంధ్రాలు, గాడులు ఉన్న పర్ఫార్మెన్స్ డిస్కులు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ప్యాడ్లతో కలిపి 18,400 రూపాయలు, రెండేళ్ల వారంటీ. మా బావమరిదికి గ్యారేజీ ఉంది, తనే బిగించాడు. నాలుగు వేల కిలోమీటర్ల దాకా వెన్నలా ఉన్నాయి. తర్వాత 60 స్పీడ్ మీద బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణకడం మొదలైంది. ఏడు వేలకు చక్రం విప్పి చూస్తే ఎడమ డిస్క్ రంధ్రాల దగ్గర సన్నటి పగుళ్లు. కుడిది బాగానే ఉంది. అమ్మినవాళ్లకు మెయిల్ పెడితే 'వేడికి వచ్చే పగుళ్లు వారంటీలోకి రావు, పైగా మీ మెకానిక్ సరిగా బిగించలేదు' అన్నారు. దాంతో నాకూ బావమరిదికీ మాటా మాటా పెరిగింది. లేత్ షాపు ఆయన 'ఒక కోత పెడితే సరిపోతాది సార్' అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కడప

సమాధానం:

అన్నా అని పిలిచారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందు లేత్ సంగతి. ఆ డిస్క్‌ను లేత్ ఎక్కించకండి. కోత పెడితే పైపొర పోయి పగులు కంటికి ఆనకపోవచ్చు గానీ లోపల అలాగే ఉంటుంది. పలచబడిన డిస్క్ ఇంకా త్వరగా వేడెక్కుతుంది. పైగా మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని మీరే డబ్బిచ్చి చెరిపేయించుకున్నట్టు అవుతుంది.

ఆ తప్పు నేను చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. కర్నూలులో గ్యారేజీ నడిపే రోజుల్లో ఒక కస్టమర్ వారానికి రెండుసార్లు ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం తిరిగేవాడు. కొత్త డిస్కులు వేసిన కొన్నాళ్లకే బండి వణుకుతోందని తెచ్చాడు. లేత్ పట్టించాను. తగ్గలేదు. అప్పుడు కంపెనీకి పంపాను. 'దీన్ని ఇప్పటికే చెక్కారు, ఈ కొలతలు మావి కావు' అని తిప్పి పంపారు. వాళ్ల మాటలో తప్పు లేదు. డబ్బు నా జేబులోంచి కట్టాను. ఆ డిస్క్ లోపంతోనే వచ్చిందా, నా బిగింపులోనే లోపం ఉందా అన్నది ఈ రోజుకీ నాకు తెలియదు. పోయిన డబ్బు కన్నా ఆ తెలియకపోవడమే నన్ను ఎక్కువ కాలం బాధపెట్టింది. ఆ తర్వాత కొలవకుండా ఏ డిస్క్‌నూ చక్రం నుంచి విప్పలేదు.

రెండోది, వచ్చే సోమవారం ఆ డిస్కులతో ఘాట్ దిగకండి. పగులు మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తగులుకుని ఆగిందంటే ఆ డిస్క్ పని అయిపోయింది. పగులు ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి కలిసినా, బయటి అంచు దాకా పాకినా అంతే. పాత డిస్కులు ఇనుప సామాన్లవాడికి ఇవ్వకుండా ఉంచి ఉంటే వాటి మీద 'మిన్ టీహెచ్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక కొలత ఉంటుంది చూడండి. అంతకంటే పలచబడకూడదని దాని అర్థం. ఆ కొలత కన్నా బాగా మందంగా ఉండి, పగుళ్లు లేకపోతే వాటినే కొత్త ప్యాడ్లతో మళ్లీ వేయించుకోండి. లేకపోతే బండి కంపెనీవే మామూలు డిస్కులు కొనండి. వారంటీ తేలేదాకా పగిలిన డిస్క్‌తోనే నడుపుతానంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ బండిలో మీ పిల్లలు కూడా కూర్చుంటారు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. వణుకు ఒకటి, పగులు ఇంకొకటి. మీరు రెండూ కలిపి ఫిర్యాదు చేశారు, వాళ్లు రెండూ కలిపి కొట్టేశారు. వీటిని విడదీస్తే గానీ మీ కేసు నిలబడదు.

వణుకు రాగానే అందరూ 'డిస్క్ వంగింది' అంటారు. నిజంగా వంగడం చాలా అరుదు. ఎక్కువగా వచ్చేది మందంలో తేడా. పాత డిస్క్ తీసినప్పుడు హబ్ (డిస్క్, చక్రం రెండూ బిగించే మధ్య భాగం) ముఖం మీద తుప్పు పెచ్చులు కట్టి ఉంటుంది. దాన్ని వైరు బ్రష్‌తో తళతళలాడేదాకా రుద్దకుండా కొత్త డిస్క్ కూర్చోబెడితే అది వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది. కంటికి తెలియదు. కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ, బ్రేక్ తొక్కకపోయినా, ఆ ఎత్తు భాగం ప్యాడ్‌కు రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఆ చోటు అరిగి పలచబడుతుంది. 0.02 మి.మీ. తేడా వచ్చినా చాలు, స్టీరింగ్‌లో తెలిసిపోతుంది. డిస్క్ తయారీలోనే వంకర ఉంటే వణుకు సాధారణంగా మొదటి రోజే కనబడుతుంది. మొదట్లో బాగుండి నాలుగైదు వేలకు మొదలైందంటే అనుమానం ముందు బిగింపు మీదికే పోతుంది.

ఈ మాట మీ ఇంట్లో మంట మీద నూనె పోస్తుందేమోనని నాకూ బెరుకుగా ఉంది. అందుకే ఇంకో మాట కూడా వినండి. ఆ నాలుగు వేల మధ్యలో పంక్చర్ పడిందా? టైర్లు మార్పించారా? రోడ్డు పక్క షాపులో గాలి గన్‌తో చక్రం నట్లను ఒకదాన్ని విపరీతంగా, పక్కదాన్ని తక్కువగా బిగిస్తే కూడా డిస్క్ ఇలాగే వంకరపోతుంది. అలాగే కొత్త డిస్కులు, ప్యాడ్లు వేశాక వాటిని ఒకదానికొకటి అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, ఓ పదిసార్లు మెత్తగా తొక్కి వదిలి, తర్వాత కాసేపు బ్రేక్ ముట్టకుండా నడిపి చల్లార్చాలి. ఖచ్చితమైన పద్ధతి పెట్టెలోని కాగితంలో ఉంటుంది, దాన్నే పాటించాలి. ఇది చేయకపోతే ప్యాడ్ పదార్థం డిస్క్ మీద మచ్చలు మచ్చలుగా అంటుకుని అదే వణుకు తెస్తుంది. అంటే మీ బావమరిది, పంక్చర్ షాపు, మీరు, ముగ్గురిలో ఎవరైనా కారణం కావచ్చు. కొలవకముందే తనను నిందించడం న్యాయం కాదు.

ఎలా కొలవాలి? డిస్క్ బండి మీద ఉండగానే డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పితే వంకర ఎంతో ముల్లు చెప్తుంది. చాలామంది తయారీదారులు 0.1 మి.మీ. లోపు, కొందరు 0.05 లోపే ఉండాలంటారు. తర్వాత మైక్రోమీటర్‌తో, బయటి అంచు నుంచి ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల లోపలికి, చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిచి రాసుకోవాలి. తర్వాత డిస్క్ విప్పి ఉత్త హబ్ మీదే డయల్ గేజ్ పెట్టాలి. వంకర హబ్‌దైతే అక్కడే దొరికిపోతుంది. ఈ పని మీ బావమరిదే చేయొచ్చు, మీరు పక్కన నిలబడి వీడియో తీయండి. ఇద్దరూ కలిసి చూస్తే ఆ తర్వాత ఒకరినొకరు అనుమానించే పని ఉండదు.

ఇప్పుడు పగులు. ఇక్కడ మీ పక్షాన చెప్పాల్సింది చాలా ఉంది.

డిస్క్ అంటే పోత ఇనుము. దాని ఉద్యోగమే వేడిని మోయడం. 1,500 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే, ఆ బరువంతా బ్రేకుల మీదే ఆపుకుంటూ వస్తే, పుట్టే వేడితో ఐదు లీటర్ల చన్నీళ్లు మరుగుతాయి. ఘాట్ మొత్తం దిగేసరికి ఎన్ని బిందెలో లెక్క వేసుకోండి. అదంతా నాలుగు చక్రాల బ్రేకుల్లోకి, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండింటిలోకి పోతుంది. కాలిన ఇనుము సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచితే చివరికి తెగినట్టే, ఈ సాగడం ముడుచుకోవడంలో ఎక్కడో ఒకచోట పగులు పుడుతుంది. అది రంధ్రం అంచునే మొదలవుతుంది, ఎందుకంటే లాగుడు బలమంతా అక్కడే పోగుపడుతుంది. రంధ్రం అంచును కొంచెం వాలుగా చెక్కి నునుపు చేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. డ్రిల్లు దించి అలాగే వదిలేస్తే పదునైన అంచే పగులుకు దారి చూపిస్తుంది. మీ ఎడమ డిస్క్ రంధ్రంలో చిటికెన వేలు పెట్టి తడమండి, తర్వాత కుడిదాన్ని. తేడా ఉంటే వేలికే తెలుస్తుంది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీరు మామూలుగా రాసేశారు: 'కుడిది బాగానే ఉంది.' ఒకే బండి, ఒకే ఘాట్, తొక్కింది ఒకే కాలు. కుడిది నిలబడి ఎడమది పగిలిందంటే రెండు కారణాలలో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. ఎడమ కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) పట్టేసి ఉండాలి, లేదా ఎడమ డిస్క్‌లోనే లోపం ఉండాలి. ముందు కాలిపర్ చూడండి. దాని పిన్నులు చేత్తో నెడితే జారుతున్నాయా, గ్రీజు ఎండిపోయిందా? ఎడమ లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ సమానంగా అరిగాయా? లోపలిది బాగా అరిగి బయటిది కొత్తగా ఉంటే కాలిపర్ పట్టేసినట్టే. డిస్క్ మీద నీలం రంగు మచ్చలు ఎడమవైపే ఉన్నా అదే అనుమానం. అలా తేలితే కంపెనీ మీదికి పోకండి, కాలిపర్ బాగు చేయించుకోండి. పిన్నులు జారుతూ, ప్యాడ్లు నాలుగూ సమానంగా అరిగి ఉంటే మాత్రం మీ వాదన గట్టిది: అదే వేడిని మోసిన జంటలో ఒకటి మాత్రమే పగిలింది.

ఇంకొక్కటి చూడండి. డిస్క్ రెండు పలకల మధ్య గాలి పోయే రెక్కలుంటాయి. అవి వంపు తిరిగి ఉంటే ఎడమ, కుడి వేరువేరుగా వస్తాయి. ఆ రెక్కలు మధ్య నుంచి బయటికి పోయేకొద్దీ చక్రం తిరిగే దిశకు వెనక్కి వాలి ఉండాలి. తారుమారుగా బిగిస్తే గాలి సరిగా ఆడక డిస్క్ వేడెక్కుతుంది. కంపెనీవాళ్లు ముందు వెతికేది ఇదే. మీరే ముందు వెతకండి.

మీరూ నిజాయితీగా జవాబు చెప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఘాట్ దిగగానే బండిని వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చారా? కాలిన డిస్క్ మీద చన్నీళ్లు పడితే పోత ఇనుము తట్టుకోదు. కడప ఎండలో బ్రేకులు వాసన వస్తున్నాయని బాటిల్ నీళ్లు పోసేవాళ్లను నా కళ్లతో చూశాను. ఏ గేరులో దిగుతున్నారు? లారీ డ్రైవర్లు 'ఎక్కిన గేరులోనే దిగాలి' అంటారు, అది కార్లకూ వర్తిస్తుంది. నాలుగో గేరులో వేసి బ్రేక్ మీద కాలు అలాగే ఉంచి దిగే అలవాటు ఉంటే ఏ డిస్క్ అయినా ఏడవాల్సిందే.

ఇవన్నీ సరిగానే ఉన్నాయని తేలితే, వాళ్ల మెయిల్‌కు ఎలా జవాబివ్వాలో చెప్తాను. 'వేడికి వచ్చే పగుళ్లు వారంటీలోకి రావు' అన్న మాట చదివితే నాకు నిజంగా కోపం వస్తుంది. వేడిని ఎక్కువ తట్టుకుంటుందని చెప్పే కదా రెట్టింపు ధరకు అమ్మేది! అందుకే మీరు కొన్న పేజీని ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపటికి మార్చేస్తారేమో. ఘాట్‌లకు, గట్టి బ్రేకింగ్‌కు పనికొస్తుందని అక్కడ రాసి ఉంటే, కొనేటప్పుడు ఒకటి చెప్పి తర్వాత ఇంకొకటి అంటున్నారన్నది మీ మొదటి పాయింట్. ఫలానా సెంటర్లోనే బిగించాలన్న షరతు అమ్మకానికి ముందు చెప్పారా లేదా అన్నది రెండోది. పెట్టె లోపలి కార్డులో ఉంటే చదవండి. ఎక్కడా లేకపోతే ఇప్పుడు కొత్తగా తేవడం కుదరదు.

మెయిల్‌లో వణుకు గురించి ఎత్తకండి. పగులు గురించే రాయండి. ఎనిమిది కొలతలు, రెండు డిస్కుల ఫొటోలు పక్కపక్కన, ప్యాడ్ల మందం, ఓడోమీటర్ ఫొటో, బిల్లు, డిస్క్ మీది బ్యాచ్ నంబరు జత చేయండి. చివర ఒక్క ప్రశ్న అడగండి: 'బిగింపులో తప్పు అని ఏ కొలత చూసి, ఏ పరికరంతో తేల్చారు? ఆ రిపోర్టు పంపండి.' డిస్క్ చూడకుండానే మెయిల్ పెట్టి ఉంటే వాళ్ల దగ్గర ఆ రిపోర్టు ఉండదు. తనిఖీకి పంపమంటే ఎడమది పంపండి, ముందు వీడియో తీసి, రసీదు తీసుకుని. కుడిది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

పంపేముందు పగులు కనబడేలా ఒక పరీక్ష చేయించొచ్చు. డై పెనెట్రంట్ అని స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. డిస్క్‌ను శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు కొట్టి, కాసేపు ఆగి తుడిచేసి, తెల్లటి పొడి స్ప్రే కొడతారు. పగులులో దాక్కున్న ఎరుపు ఆ తెలుపు మీదికి ఊరి సన్నటి గీతలా కనబడుతుంది. గీత ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయిందో ఫొటోలో చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. మీకు దగ్గర్లోనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో మెటలర్జీ విభాగం ఉంది. టీచరు కాబట్టి మీకు అక్కడ మాట్లాడటం కష్టం కాదు, రాతపూర్వకంగా అభిప్రాయం ఇస్తారేమో అడిగి చూడండి.

అప్పటికీ కదలకపోతే చట్టం మీ ఊర్లోనే ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి ముందు ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా ఫిర్యాదు ఇవ్వండి. దారికి రాకపోతే కడప జిల్లా వినియోగదారుల కమిషన్. 1986 నాటి పాత చట్టంలో అమ్మినవాడి వ్యాపారం ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోట, పనిచేసే చోట వేయొచ్చు. బిల్లు అడుగున 'వివాదాలు ఫలానా నగరం కోర్టుల్లోనే' అని చిన్న అక్షరాల్లో ఉంటే టెన్షన్ పడకండి. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. వస్తువులో లోపం పరీక్ష చేస్తే గానీ తేలదనుకుంటే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపుతుంది. ఆ ల్యాబ్ ఖర్చు ముందు మిమ్మల్ని కట్టమనవచ్చు. అందుకే ఇంట్లో కొలతలు ముందే తేల్చుకోమన్నాను. గడువు వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మెయిళ్ల మీద మెయిళ్లు రాసుకుంటూ కూర్చుంటే ఆ గడువు ఆగదు.

ఇదే ఉత్తరం చదివే టాక్సీ అన్నలకు ఒక మాట. సొంత బండి సొంతంగా నడుపుకుని బతికేవాళ్లు కూడా ఈ చట్టం కింద వినియోగదారులే. 'మీది కమర్షియల్ వాడకం' అంటే వెనక్కి తగ్గకండి.

ఈసారి ఏ డిస్కులు వేయించాలని మీరు అడగలేదు గానీ చెప్తాను. పాతకాలం ప్యాడ్లు కాలి గ్యాస్ వదిలేవి, ఆ గ్యాస్ పోవడానికి రంధ్రాలు పెట్టారు. ఇప్పటి ప్యాడ్లకు ఆ అవసరం దాదాపు లేదు. రంధ్రం పెట్టిన చోటల్లా వేడిని మోసే ఇనుము తగ్గుతుంది, పగులుకు ఒక మొదలు దొరుకుతుంది. ఘాట్ రోడ్డు మీద కుటుంబంతో తిరిగే బండికి బండి కంపెనీ డిస్కే, మంచి ప్యాడ్లతో, సమయానికి మార్చిన బ్రేక్ ఆయిల్‌తో చాలు. తప్పకుండా వేరేవి కావాలంటే రంధ్రాలు లేకుండా గాడులు మాత్రమే ఉన్నవి తీసుకోండి.

ఈ జవాబును మీ బావమరిదికి చూపించండి. వణుకు వరకు తన తప్పే అని తేలినా, ఎడమ డిస్క్ పగులుకు అది కారణం కాదని చూపించగలిగేది తన చేతిలోని మైక్రోమీటరే. ఆదివారం ఇద్దరూ కూర్చుని ఎనిమిది చోట్ల మందం, నాలుగు ప్యాడ్ల మందం, హబ్ మీద డయల్ గేజ్ లెక్క రాసి నాకు పంపండి. కంపెనీకి పంపే మెయిల్‌ను ఆ అంకెలు పెట్టి నేనే రాసిస్తాను.